జూలైలో పుట్టినందుకు కంప దగ్గర చచ్చిపోయాను

పోయిన మే 17, శనివారం, సాయంత్రం నాలుగు దాటాక వర్జీనియాలో ఒక గడ్డిపొలంలో నేను చచ్చిపోయాను. ఇరవై నిమిషాలు కదలకుండా పడుకున్నాను. ఆ ఇరవై నిమిషాల కోసం నాలుగు నెలలు తిరిగాను, 431 డాలర్లు వదిలించుకున్నాను, కుడికాలి బొటనవేలి గోరు పోగొట్టుకున్నాను. అమెరికా అంతర్యుద్ధం నాటి పోరాటాలను వేషాలు కట్టి మళ్ళీ చేసి చూపించేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. రీఎనాక్టర్లు అంటారు. మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని చూడ్డానికి వెళ్తారు, ఫోటోలు దిగుతారు. గుంపులో చేరి పరిగెత్తినవాళ్ళు మాత్రం నాకెవరూ తగల్లేదు. ఎవరికైనా ఆ బుద్ధి పుడితే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

దీనికంతటికీ కారణం మావాడు. మేముండేది రిచ్‌మండ్ పక్కన గ్లెన్ అలెన్‌లో. ఇక్కడ నాలుగో తరగతిలో వర్జీనియా చరిత్ర ఉంటుంది. పోయిన నవంబర్‌లో స్కూల్ ప్రాజెక్టు కోసం కోల్డ్ హార్బర్ యుద్ధభూమి చూపించమన్నాడు. ఇంటి నుంచి అరగంట కూడా పట్టదు. పైన్ చెట్ల కింద ఇప్పటికీ దక్షిణాది సైన్యం తవ్విన కందకాలున్నాయి. నూటఅరవై ఏళ్ళ వానలకి కరిగిపోయి మోకాలెత్తు మిగిలాయి, అంతే. 1864 జూన్ 3 తెల్లవారుజామున ఉత్తరాది సేనాపతి గ్రాంట్ సైన్యం ఆ కందకాల మీదికే వెళ్ళింది. ఒక్క ఉదయంలో చచ్చినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి వేలమంది. ఆ దాడి చేయించినందుకు ఎప్పుడూ చింతిస్తూనే ఉన్నానని గ్రాంట్ తర్వాత ఒప్పుకున్నాడు కూడా. ఇదంతా బోర్డు చదివి వాడికి చెబుతుంటే, "నాన్నా, ఎదురుగా కాలుస్తుంటే అలా నడుచుకుంటూ ఎందుకు పోయారు? వీళ్ళూ నేల మీద పడుకుని కాల్చొచ్చు కదా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. కారెక్కాక కూడా లేదు.

జనవరి 11న ఇక్కడికి దగ్గర్లో ఉన్న ఒక బృందానికి మెయిల్ పెట్టాను. ఉత్తరాది సైన్యం, అంటే నీలం కోటు వేసే బృందం. పదహారు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నా పేరు చూసి స్పామ్ అనుకున్నారేమో అని కూడా అనిపించింది. జనవరి 27న ఫోనొచ్చింది. మాట్లాడింది వాళ్ళ ఫస్ట్ సార్జెంట్, రిటైరైన చరిత్ర టీచర్. మొదటి ప్రశ్న, "నీ పాదం సైజెంత?" రెండోది, "ముందు పళ్ళున్నాయా?" జోకు అనుకుని నవ్వాను. జోకు కాదు. ఎందుకన్నది మార్చిలో తెలిసింది.

ఈలోగా వీసా టెన్షన్. గ్రీన్ కార్డు లైన్లో పన్నెండేళ్ళుగా నిలబడ్డవాణ్ణి, తుపాకీ పట్టుకుంటే ఏ కాగితానికి ఏం ముంచుకొస్తుందో అని మా ఆవిడకి నిద్ర పట్టలేదు. "సరదాకి పోయి సామాను సర్దుకుని గుంటూరు చేరతామండీ" అంది. ఫిబ్రవరి 6న లాయర్‌తో అరగంట మాట్లాడాను, 175 డాలర్లు. మూతి లోంచి మందు పోసి నింపే పాతకాలపు తుపాకులు, వాటి నకళ్ళు ఫెడరల్ చట్టంలో మామూలు తుపాకుల లెక్కలోకి రావని, అయినా రాష్ట్రానికో రూలుంటుందని, కొనకుండా అక్కడికక్కడ అరువు తీసుకుని అక్కడే ఇచ్చెయ్యమని చెప్పాడు. అది నా కేసుకి చెప్పిన మాట. మీ సంగతి మీ లాయర్నే అడగండి. నా మొత్తం ఖర్చులో అతిపెద్ద పద్దు ఇదేనని తర్వాత లెక్క వేస్తే తేలింది.

మిగతా పద్దులు కూడా ఇక్కడే చెప్పేస్తాను. బూట్లు 165. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు 36. ఏడాది సభ్యత్వం ఇన్సూరెన్సుతో కలిపి 35, ఆ వారాంతం రిజిస్ట్రేషన్ 20. పెట్రోలు ఇందులో కలపలేదు. కోటు, ప్యాంటు, టోపీ, తోలు సంచులు, తుపాకీ అన్నీ బృందం వాళ్ళే మొదటి ఏడాది అరువిస్తారు. కొత్తవాళ్ళని వాళ్ళ భాషలో 'ఫ్రెష్ ఫిష్' అంటారు, ఆనాటి సైనికులు వాడిన మాటేనట. అన్నీ సొంతంగా కొనుక్కుంటే రెండు వేల డాలర్లు దాటుతుంది. ఇటలీలో తయారయ్యే నకలు తుపాకీ ఒక్కటే వెయ్యి పైమాట.

మార్చి 8, మొదటి డ్రిల్లు. ఒక చర్చి వెనకాల మైదానం, గడ్డి మీద ఇంకా మంచు. తుపాకీ చేతికిచ్చారు. నాలుగున్నర అడుగుల పైన పొడవు, నాలుగు కిలోల పైన బరువు. మొదటి పది నిమిషాలు గొప్పగా ఉంటుంది. అరగంటకి భుజం నాది కాదనిపించింది.

దాన్ని నింపడం తొమ్మిది అంచెల్లో నేర్పుతారు. నడుముకి కట్టుకున్న తోలుపెట్టెలోంచి కాగితపు పొట్లం తియ్యాలి. పొట్లం చివర పళ్ళతో కొరికి చించాలి. పళ్ళ ప్రశ్న ఇందుకన్నమాట. ఆ రోజుల్లో ముందు పళ్ళు లేకపోతే సైన్యంలోకి తీసుకునేవాళ్ళు కాదు. తర్వాత మందు గొట్టంలో పొయ్యాలి, గుండు కడ్డీతో దట్టించాలి, హ్యామర్ సగం లాగి కింద చిన్న రాగి టోపీ లాంటి క్యాప్ పెట్టాలి. అప్పుడు గురి, అప్పుడు ట్రిగ్గర్. మాకు గుండు ఉండదు, ఉత్త మందే. కడ్డీ కూడా డ్రిల్లులో ఉత్తుత్తిగా ఆడించడమే. పోరాటంలో అయితే దాన్ని బయటికి తియ్యనే తియ్యకూడదు. గొట్టంలో మర్చిపోయి పేలిస్తే బాణంలా పోతుంది.

మందు నాలుక్కి తగిలితే ఉప్పగా, చేదుగా ఉంటుంది. రెండు పొట్లాలు కొరికేసరికి నోరెండిపోయి, పెదాలు నల్లబడి, బొగ్గు నమిలినట్టయింది. వాసన మాత్రం అచ్చం మన దీపావళే. ఎనిమిదివేల మైళ్ళ దూరంలో, చర్చి వెనకాల, చిచ్చుబుడ్డి కాలిపోయాక గుమ్మంలో నిలిచిపోయే ఆ వాసన. ఒక్క నిమిషం డ్రిల్లు మర్చిపోయాను. సార్జెంట్ అరిచాడు.

ఆనాటి మంచి సైనికుడు నిమిషానికి మూడుసార్లు కాల్చేవాడట. మొదటి రోజు నాకు ఒక్కదానికే నిమిషం పది సెకన్లు పట్టింది. ఏప్రిల్ 12న రెండో డ్రిల్లు అయ్యేసరికి ఇరవై ఎనిమిది సెకన్లకి దిగాను. ఇంట్లో చపాతీల కర్ర పట్టుకుని ప్రాక్టీసు చేశాను, మావాడు స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు. నేను నేర్చుకోవాల్సిన విద్య ఇదే అనుకున్నాను. ఎంత అమాయకుణ్ణో తర్వాత చూస్తారు.

పేల్చిన తుపాకీ కడగడం ఎవరూ ముందు చెప్పని సంగతి. గొట్టంలో మరిగే నీళ్ళు పోసి, గుడ్డ దూర్చి, నీళ్ళు తెల్లగా వచ్చేదాకా తోమాలి. కుళ్ళిన కోడిగుడ్ల కంపు. పదిహేనుసార్లు పేలిస్తే గంటసేపు కడగాలి.

ఏప్రిల్ 19న స్పాట్సిల్వేనియా అనే ఇంకో యుద్ధభూమికి వెళ్ళాను, మావాణ్ణి తీసుకుని. మేం మేలో చెయ్యబోయేది అక్కడి ఒక దాడినే కాబట్టి అసలు నేల చూసి రమ్మన్నాడు సార్జెంట్. టికెట్ లేదు. 95 హైవే మీద ట్రాఫిక్ వల్ల గంట ప్రయాణం గంటా నలభై అయింది.

అక్కడ జరిగింది ఇదీ. 1864 మే 10. దక్షిణాది సైన్యం మట్టికట్ట కట్టుకుని, కట్ట మీద దుంగలు పరుచుకుని, ముందు చెట్లు నరికి కొమ్మలు చెక్కి మొనలు బయటికి పెట్టి కూర్చుంది. మన చేలగట్ల మీద పశువులు రాకుండా తుమ్మకంప పరుస్తాం చూడండి, అదే పని మనుషుల కోసం చేశారు. ఎమొరీ అప్టన్ అనే కర్నల్, వయసు ఇరవై నాలుగు, దాన్ని బద్దలుకొట్టడానికి ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. అప్పటిదాకా అందరూ చేసే తప్పేమిటంటే, వెడల్పాటి వరసగా వెళ్ళి, మధ్యలో ఆగి, కాల్చి, మళ్ళీ నింపుకుంటూ నిలబడిపోవడం. ఆగినచోటే చచ్చిపోయేవాళ్ళు. అప్టన్ పన్నెండు రెజిమెంట్లు ఏరుకున్నాడు, దాదాపు ఐదువేలమంది. వాళ్ళని నాలుగు వరసల్లో, వరసకి మూడు రెజిమెంట్ల చొప్పున, అడవి అంచున ఒకదాని వెనక ఒకటి దాచాడు. రెజిమెంట్ల అధికారుల్ని ముందే తీసుకెళ్ళి, పరిగెత్తాల్సిన నేల కళ్ళారా చూపించాడు. మొదటి వరస తుపాకులకి మాత్రం క్యాపులు పెట్టించాడు. వెనక వరసల తుపాకులు నింపి ఉంటాయి, క్యాప్ ఉండదు. అంటే ట్రిగ్గర్ నొక్కినా పేలవు. దారిలో ఎవడికీ ఆగి కాల్చే అవకాశమే లేకుండా చేశాడన్నమాట. అధికారుల పని 'ఫార్వర్డ్' అని అరుస్తూ ఉండడం, అంతే.

సాయంత్రం ఆరు దాటాక వెళ్ళారు. కట్ట ఎక్కారు, లోపలికి దిగారు, వెయ్యిమంది దాకా పట్టుకున్నారు. పక్క నుంచి రావాల్సిన సాయం రాలేదు. చీకటిపడేసరికి గెలిచిన కట్ట వదిలేసి వచ్చారు. వీళ్ళలోనూ చచ్చినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, దొరక్కుండా పోయినవాళ్ళు కలిపి వెయ్యిమంది దాకా. ఆ ఉపాయాన్నే రెండు రోజుల తర్వాత ఇరవైవేల మందితో మళ్ళీ చేశారు. వానలో, కట్టకి అటూ ఇటూ చేతికందే దూరంలో తెల్లారి మొదలుపెట్టి అర్ధరాత్రి దాటేదాకా పొడుచుకున్నారు. గుండ్లు తగిలి తగిలి ఇరవై రెండు అంగుళాల ఓక్ చెట్టు ఒకటి నరికినట్టు పడిపోయింది. దాని మొద్దు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

అడవి అంచు నుంచి కట్టదాకా రెండు వందల గజాలు. మావాడు జీన్స్, స్నీకర్లతో పరిగెత్తాడు. నలభై సెకన్లు. నన్ను చూసి "ఇంతేనా?" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

మే 16, శుక్రవారం. సెలవు పెట్టి మధ్యాహ్నం బయల్దేరాను. ఇలాంటి ఉత్తుత్తి పోరాటాల్ని జాతీయ పార్కుల నేల మీద చెయ్యనివ్వరు, చచ్చినవాళ్ళున్న నేల మీద చావు నటించకూడదని. అందుకే ఇవన్నీ ప్రైవేటు పొలాల్లో జరుగుతాయి. ఈ పొలం యజమాని గొడ్లని పక్క పొలంలోకి తోలి, చిన్న ఎక్స్‌కవేటర్‌తో కందకం తవ్వించాడు. గొడ్లు ఖాళీ చేసినా పేడ ఖాళీ చెయ్యలేదు. పడిపోయేటప్పుడు ఎక్కడ పడుతున్నామో చూసుకోవాలని సీనియర్ ఒకాయన ఇచ్చిన సలహా ఆ వారాంతంలో నాకు అందిన అత్యుత్తమ సలహా.

రిజిస్ట్రేషన్ దగ్గర నలభై నిమిషాలు, తుపాకుల తనిఖీ దగ్గర గంటన్నర. కడ్డీ గొట్టంలో వేసి పైకి విసురుతారు. అడుగున ఇనుము తగిలి ఖంగుమంటే శుభ్రంగా ఉన్నట్టు. మెత్తగా దబ్బుమంటే వెళ్ళి మళ్ళీ కడుక్కో. నాది రెండోసారికి ఖంగుమంది.

సామాను విప్పుకుంటుంటే అమ్మ ఫోను. మాది కారంపూడి దగ్గర.

"యుద్ధానికి పోతున్నావంటగా? కోడలు చెప్పింది."

"యుద్ధం కాదమ్మా, వేషం."

"మనకి కార్తీకంలో మందపోరు, కోడిపోరు చెయ్యట్లా? ఏడాదికోసారి వీరులకి చేసేదే కదా. చెయ్యి. కాకపోతే వాళ్ళ వీరులకి నువ్వెందుకురా?"

ఇది కూడా ఆలోచించాల్సిన ప్రశ్నే. ఒక్కటి మాత్రం నిజం. అన్నదమ్ములు రెండు పక్షాలై ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకున్న కథ, దాన్ని ఏటా మళ్ళీ చేసుకోవడం, పల్నాటివాడికి వింత కాదు. ఇక్కడివాళ్ళకి ఆ మాట చెబితే గంటసేపు కూర్చోబెట్టి విన్నారు. బ్రహ్మనాయుడి పేరు పలకడం మాత్రం సార్జెంట్‌కి ఆదివారం దాకా రాలేదు.

ఫోను అక్కడితో కట్టెయ్యాలి. 1864లో లేని వస్తువు కనిపిస్తే 'ఫార్బ్' అంటారు. అంతకంటే పెద్ద తిట్టు వాళ్ళ భాషలో లేదు. నా కళ్ళజోడు ఫార్బ్. వాచీ ఫార్బ్. వాళ్ళిచ్చే తిండి పందిమాంసం, హార్డ్‌టాక్ అనే పిండి బిళ్ళ, కాఫీ. నేను పందిమాంసం తినను. హార్డ్‌టాక్ కొరకబోతే పన్ను కదిలినంత పనైంది. కాఫీలో పది నిమిషాలు నానబెట్టాలట. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర స్టీలు డబ్బా తీస్తే అందరూ నావైపే చూశారు. డబ్బా ఫార్బ్. సార్జెంట్ ఆలోచించి, గుడ్డలో మూట కడితే ఫరవాలేదని తీర్పు చెప్పాడు. మూట విప్పగానే ఆరుగురు చెయ్యి పెట్టారు. నాకు రెండు ముద్దలు మిగిలింది.

రాత్రి రెండు గుడ్డముక్కలు బొత్తాలతో కలిపిన గుడారంలో నేనూ, నా పక్కన నిలబడే ప్లంబరూ. మూడింటికి చలికి మెలకువొచ్చింది. ఆయన గురక 1864 నాటిదే.

శనివారం పొద్దున పరేడ్. తొమ్మిది నుంచి జనం రావడం మొదలైంది. ఒక పెద్దావిడ నన్ను పరకాయించి చూసి, ఇండియన్లు కూడా పోరాడారా, మీది ఏ తెగ అని అడిగింది. గుంటూరు అని చెప్పాను. తలూపి నోట్సు రాసుకుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి కెప్టెన్ అందర్నీ కూర్చోబెట్టి ఎవరెక్కడ పడాలో చెప్పాడు. దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. పరిగెత్తేటప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్ళు పడిపోతారనుకున్నాను. అలా వదిలేస్తే అంత దూరం వచ్చి ముందే చావడానికి ఎవరూ ఒప్పుకోరట. అందుకని పుట్టిన నెలల్ని బట్టి పంచుతాడు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పుట్టినవాళ్ళు పొలం మధ్యలో. మే నుంచి ఆగస్టు దాకా కంప దగ్గర. మిగతావాళ్ళు కట్ట ఎక్కొచ్చు. నేను జూలై.

అందరూ నవ్వారు. ప్లంబర్‌ది ఫిబ్రవరి, "నాకు మోకాళ్ళ నొప్పులు, మంచిదే" అన్నాడు. నేనూ నవ్వాను. తర్వాత చెట్ల కింద కూర్చున్నప్పుడు మాత్రం చుట్టూ ఉన్న మొహాలు చూస్తూ నువ్వు మార్చి, నువ్వు అక్టోబర్ అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆపుదామన్నా ఆగలేదు.

చెట్ల కింద రెండు గంటల పది నిమిషాలు. ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత కష్టమైన భాగం అదే అని నా అభిప్రాయం. ఎండ ముదిరింది, ఒంటి మీద ఉన్ని కోటు, లేవకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, పొగ తాగకూడదు. నీళ్ళ బుడ్డి గంటకే ఖాళీ. మేం రెండో వరస. తుపాకులు నింపించారు. తొమ్మిది అంచెలూ గుర్తు తెచ్చుకుంటూ చక్కగా నింపి, చివర క్యాప్ కోసం పౌచ్‌లో చెయ్యి పెట్టబోతే సార్జెంట్ నా మణికట్టు పట్టుకున్నాడు. "క్యాప్ వద్దు." అప్టన్ కథ తెలిసీ, ఆ రూలు నాకు వర్తిస్తుందని అప్పటిదాకా తట్టలేదు.

కొమ్మల సందుల్లోంచి ఎదురుగా గోధుమరంగు గీతలా కట్ట కనిపిస్తోంది. దాని మీద ఎవడో కూర్చుని యాపిల్ తింటున్నాడు.

విజిల్ వేశారు. లేచాం. మొదటి ఇరవై అడుగులు నడక, తర్వాత పరుగు.

చూడ్డానికి చదునుగా ఉన్న పొలం కాళ్ళ కింద చదునుగా ఉండదు. తోలు అడుగు బూట్లు గడ్డి మీద జారతాయి. నడుముకి కట్టినవన్నీ ఒక్కోటి ఒక్కో తాళంలో ఊగి తొడలకి కొడతాయి. అరవై అడుగులకే ఊపిరి అందలేదు. ఎదురుగా కట్ట మీద ఒక్కసారిగా తెల్లటి పొగ లేచింది, తర్వాత చప్పుడు, తర్వాత ముందు వరసలో ఖాళీలు. గుండ్లు లేవని తెలుసు. చేతుల్లో ఉన్నది ఉత్త మందని, నెత్తికి ఎత్తుగా పేలుస్తారని, నిన్న రాత్రి వాళ్ళతోనే కాఫీ తాగానని అన్నీ తెలుసు. ఒంటికి తెలీదు. నా కాళ్ళు వాటంతటవే ఆగబోయాయి. చేతులు తుపాకీ ఎత్తబోయాయి. పారిపోదామని కాదు. ఎదురు కాల్చాలని. అంత గట్టిగా ఏదీ అనిపించలేదు నాకు ఎప్పుడూ. నిలబడి, గురిపెట్టి, ఏదో ఒకటి చేస్తే నేను కూడా ఏదో చేస్తున్నట్టుంటుంది. ఉత్తినే పరిగెత్తుతుంటే వాళ్ళు చేస్తున్నారు, నేను చేయించుకుంటున్నాను.

క్యాప్ లేదు. ఎత్తి ఏం లాభం? వెనక మూడో వరస తోసుకొస్తోంది. పక్కనెవరో 'ఫార్వర్డ్, ఫార్వర్డ్' అని గొంతు పోయేలా అరుస్తున్నారు. ప్లంబర్ ఎప్పుడు పడిపోయాడో చూడలేదు. కుడిభుజానికి ఆనుతూ వచ్చిన భుజం లేదని మాత్రం తెలిసింది.

తర్వాత పొగ తప్ప ఏమీ లేదు. పొగలోంచి హఠాత్తుగా కంప. నా సంచి పట్టీ ఒక కొమ్మకి తగులుకుంది. లాగితే రాలేదు. వెనక్కి వచ్చి విప్పుకోవాలంటే వెనకవాళ్ళు మీదపడతారు. ముందు కట్ట మీద దుంగ కింది సందులోంచి రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఇరవై అడుగులు ఉంటుందేమో. నేను పడాల్సిన చోటు ఎలాగూ ఇదే. పడిపోయాను. చెట్ల దగ్గర్నుంచి అక్కడికి నిమిషం పది సెకన్లు, వీడియోలో చూసి లెక్కపెట్టాను. మొదటి డ్రిల్లులో ఒక్కసారి తుపాకీ నింపడానికి నాకు పట్టిన సమయం.

పేడలో పడలేదు. కానీ చీమలున్నాయి. పక్కన పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, జూన్‌లో పుట్టినవాడు, బోర్లా పడి చిన్నగా "వాటర్, వాటర్" అంటున్నాడు. నటిస్తున్నాడో నిజంగా అడుగుతున్నాడో తెలీలేదు. నిజంగానేనట, తర్వాత చెప్పాడు. మా మీంచి మూడో వరస, నాలుగో వరస దూకి వెళ్ళాయి. ఎవరిదో మడమ నా కుడిపాదం మీద పడింది. గోరు పోయింది అప్పుడే. చచ్చినవాణ్ణి కాబట్టి అరవలేదు.

అంతా అయ్యాక బ్యూగిల్ ఊదారు, లేచాం. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు నచ్చలేదు. ఎందుకో చెప్పలేను.

తుపాకీలో మందు ఉండిపోయింది కదా, అలా వదలకూడదు. నిమ్మరసం స్టాల్ వెనక్కి వరసగా నిలబెట్టి, ఒక్కొక్కడికీ ఒక్కో క్యాప్ పెట్టించి ఆకాశంలోకి పేల్పించారు. ఆ రోజు నేను కాల్చింది అదొక్కటే.

ఆదివారం పొద్దున సార్జెంట్ వచ్చి, బూడిదరంగు కోటు వేసే దక్షిణాది వైపు మనుషులు తక్కువయ్యారు, ఈ రోజుకి కోటు మార్చుకుంటావా అని అడిగాడు. ఇక్కడ మామూలే. సగంమంది రెండు రంగులూ ఉంచుకుంటారు, లేకపోతే ఆట సాగదు. ఆయన మర్యాదగానే అడిగాడు. నేను కుదరదన్నాను. ఆ కట్ట బానిసల్ని బానిసలుగా ఉంచుకునే రాజ్యం కోసం కట్టుకున్న కట్ట. ఉత్తుత్తికైనా దాని వెనక తుపాకీ పట్టుకుని నిలబడడం నా వల్ల కాలేదు. నా రంగు చూసుకునో, అంబేడ్కర్ బొమ్మ ఉన్న ఇంట్లో పెరిగినందుకో, తెలీదు. మా బృందంలో కొందరికి నేను ఎక్కువ చేశాననిపించి ఉండొచ్చు. సార్జెంట్ మాత్రం, "అయితే కోటు వద్దు, ఉత్త చొక్కాతో నీళ్ళు మొయ్యి" అన్నాడు.

అలా రెండో రోజు కందకంలో ఉన్నాను, బకెట్‌తో. నేను చూస్తాననుకోనిది అక్కడే చూశాను. కందకంలో చల్లగా ఉంది. మట్టి తడివాసన. నిలబడితే కట్ట గుండెలెత్తు, పైన దుంగ, దుంగకీ మట్టికీ మధ్య నాలుగు వేళ్ళ సందు. ఆ సందులోంచి తుపాకీ పెట్టి చూస్తే మనిషి బయటికి కనిపించేది కళ్ళంత మేర. ఒకడు కాలుస్తుంటే వెనక ఇద్దరు నింపి అందిస్తున్నారు. ఎవరికీ హడావుడి లేదు.

మావాళ్ళు చెట్ల లోంచి వచ్చారు. శనివారం నేను ప్రాణం పోయేలా పరిగెత్తాననుకున్న ఆ పరుగు ఇక్కణ్ణుంచి చూస్తే ఎంత నెమ్మదిగా ఉందో! పొలం అడ్డంగా కొలిచినట్టు వస్తున్నారు. ఒక్కొక్కళ్ళ నడక చూసి ఎవరో పోల్చుకోగలను. అదుగో ప్లంబర్, మోకాలు ఈడుస్తూ. నా పక్కన తుపాకీ పట్టుకున్న పెద్దాయన, మంచాయన, పొద్దున నాకు తన కాఫీ ఇచ్చాడు, సందులోంచి చూస్తూ నెమ్మదిగా "టూ ఈజీ" అని గొణిగాడు. ట్రిగ్గర్ నొక్కాడు. ప్లంబర్ పడిపోయాడు. ఫిబ్రవరి కాబట్టి.

నేను బకెట్ పట్టుకుని అటువైపు తిరిగి నిలబడ్డాను.

సోమవారం పొద్దున తొమ్మిదింటి మీటింగ్‌లో కెమెరా ఆపేసి కూర్చున్నాను. గోళ్ళ సందుల్లో నలుపు మూడు రోజులు పోలేదు. మావాడికి జవాబు చెబుదామని పిలిచాను. నేల మీద పడుకుని కాల్చొచ్చు కదా అన్నావు చూడు, అందరికీ అదే చెయ్యాలనిపిస్తుందిరా, పడుకుని తుపాకీ నింపుకోవడం మహా కష్టం, నిలబడి నింపుకుంటుంటే వాళ్ళు కొట్టేస్తారు, అందుకే అసలు కాల్చే వీలే లేకుండా చేసి పంపించారు అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి వాళ్ళు భయపడలేదా?" అన్నాడు. భయపడ్డానని చెప్పాను. నిన్ను కాదు నాన్నా, వాళ్ళని, అన్నాడు.

జూన్ 1న సామాను తిరిగి ఇవ్వడానికి సార్జెంట్ ఇంటికెళ్ళాను. కోటు డ్రైక్లీనింగ్ చెయ్యొద్దన్నారు కాబట్టి ఎండలో వేసి దులిపి మడతపెట్టాను. ఆయన గరాజ్‌లో బల్ల మీద తోలుపెట్టె బోర్లించి, కాగితపు పొట్లాలు పదేసి చొప్పున పేర్చాడు. శుక్రవారం సాయంత్రం నా చేత సంతకం పెట్టించుకుని ఇచ్చినవి నలభై.

"ముప్పై తొమ్మిది," అని రాసుకున్నాడు.